కొండ మీది ఇంట్లో వేడి ఆగిన రోజు

ఒమన్‌లో చలికి భయపడ్డానంటే మా అక్క ఇప్పటికీ నమ్మదు. గల్ఫ్ అంటే ఎండే కదా అంటుంది. డెబ్బైల చివర్లో నేను నర్సుగా వెళ్లినప్పుడు నాకూ అదే అభిప్రాయం. కానీ నన్ను వేసింది మస్కట్‌లో కాదు, జబల్ అఖ్దర్ అనే కొండల మీదున్న చిన్న ఆసుపత్రిలో. అక్కడ చలికాలం తెల్లవారేసరికి బయట బకెట్లో నీళ్ల మీద గాజు పలకలా మంచు కట్టేది. బాపట్ల వైపు ఉప్పుగాలిలో పెరిగినదాన్ని. నాకున్న ఒక్క స్వెట్టరూ బొంబాయిలో విమానం ఎక్కబోయే ముందు, ఎవరో చెబితే కొన్నది.

ఆసుపత్రి అంటే రెండు గదులు, ఒక కిరసనాయిలు స్టవ్వు. పక్కనే డాక్టరు గారి ఇల్లు. అది అంతకుముందు రోడ్డు పని చూసిన తెల్లదొరల కోసం కట్టింది కాబట్టి వెనక కొట్టులో బాయిలర్ ఉండేది. డీజిల్‌తో మంట వెలిగి నీళ్లు కాగేవి. ఆ వేడినీళ్లు గొట్టాల గుండా గదిగదికీ వెళ్లి, గోడకు బిగించిన ఇనుప రేడియేటర్లలో తిరిగేవి. కొండ మొత్తానికి రోజంతా వెచ్చగా ఉండే చోటు అదొక్కటే.

అందుకే నెలలు నిండకుండా పుట్టిన ఒక ఆడపిల్లను ఆ ఇంట్లో పెట్టారు. కొండ మీది పల్లెలో పుట్టింది. తల్లి నాకన్నా చిన్నది. వెంట పిల్ల అమ్మమ్మ కూడా వచ్చింది. డాక్టరు గారు మందులు తేవడానికి కింద నిజ్వా పట్నానికి వెళుతూ నాతో ఒక్క మాటే చెప్పారు, ఈ పిల్లకు మందు వేడి ఒక్కటే, అది తగ్గనివ్వకు అని. ఆయన దిగిన మర్నాడు వాన పడి వాగు పొంగింది. రోడ్డు కొట్టుకుపోయిందని రేడియోలో కబురొచ్చింది.

ఆ మరుసటి ఉదయం చలికి మెలకువ వచ్చింది. లేచి రేడియేటర్ మీద చెయ్యి వేశాను. చల్లగా, రాయిలా ఉంది. పిల్ల పాదాలు పట్టుకున్నాను. అవీ చల్లగానే ఉన్నాయి.

పరుగెత్తుకెళ్లి జనరేటర్ చూసే అతన్ని పిలుచుకొచ్చాను. అతనిది జగిత్యాల వైపు. ఆ కొండ మీద తెలుగు మాట్లాడేవాళ్లం మేమిద్దరమే. కొట్టు గుమ్మంలోనే ఆగిపోయాడు.

"అక్కా, గిది నా మిషన్ గాదు. దీని జోలికి నేనెన్నడు పోలే."

"నేనూ పోలేదు తమ్ముడూ. పిల్ల చల్లబడిపోతోంది. ఏదో ఒకటి చూడు."

డీజిల్ టాంకీ మీద కర్రతో కొట్టి చూశాడు. నిండుగానే ఉంది. కరెంటూ ఉంది. మీట వేస్తే బర్నర్ ఫ్యాను తిరుగుతోంది, లోపల టక్ టక్‌మని నిప్పురవ్వ కొడుతోంది. మంట మాత్రం పట్టుకోవడం లేదు. కాసేపటికి ఎర్రలైటు వెలిగి అంతా ఆగిపోతోంది.

ఆ ఎర్రలైటే బొత్తాం. దాన్ని నొక్కితే మళ్లీ మొదలవుతుంది. అతను నొక్కాడు, ఆగిపోయింది. మళ్లీ నొక్కాడు, మళ్లీ ఆగిపోయింది. "ఇంకోసారి, ఇంకోసారి" అంటూ నేను వెనక నుంచి తొందరపెట్టాను.

ఆ చివరిసారి ధడేల్‌మని పేలినట్టయింది. బాయిలర్ తలుపు సందుల్లోంచి నల్లటి పొగ కొట్టింది. ఇద్దరం బయటకు పరుగెత్తాం. చూసుకుంటే అతని ముఖమంతా మసి. నా చెవులు గుయ్యిమంటున్నాయి.

"నేనింక ముట్టనక్కా. ఇంటికాడ నాకు ఇద్దరు పిల్లలున్నరు" అన్నాడు.

ఆ కొట్టులోకి మళ్లీ అడుగు పెట్టాలంటే నాకూ కాళ్లు రావడం లేదు.

లోపలికి వెళ్లేసరికి పిల్ల ఏడుపు ఆపేసింది. అమ్మమ్మ నన్ను చూసి "బారిద్, యా బింతీ, బారిద్" అంది. చలి, తల్లీ, చలి అని. పిల్ల పెదాల చుట్టూ నీలిరంగు తిరుగుతోంది. అరికాలి మీద వేలితో కొట్టాను. పిచ్చుకపిల్లలా ఒక్క చిన్న మూలుగు. వెంటనే పిల్ల బట్టలు విప్పి తల్లి రొమ్ముల మధ్య, చర్మానికి చర్మం ఆనేలా పెట్టి, పైనుంచి ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ కప్పాను. ఖాళీ సెలైన్ సీసాల్లో వేడినీళ్లు నింపి, గుడ్డ చుట్టి రెండు పక్కలా ఉంచాను. తల్లి ఊపిరి పీల్చడానికి కూడా భయపడుతూ నా ముఖంలోకి చూస్తోంది. నేను చూపు తిప్పుకున్నాను. నా ముఖంలో ఏముందో ఆమెకు తెలియకూడదనుకున్నాను.

ప్రభువా అన్నాను. ఆ తర్వాత ప్రార్థన సాగలేదు. ఇలా పొద్దంతా నెట్టుకు రావచ్చు, చీకటి పడ్డాక ఏం చెయ్యాలి?

మళ్లీ బయటికి వచ్చాను. అతను టాంకీ దగ్గరే గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"మంట అసలు పట్టుకోకపోతే వేరు. ఒకసారి పట్టుకుంది కదా. అంటే నిప్పు బాగానే ఉంది. డీజిలే సరిగ్గా రావడం లేదేమో?" అన్నాను.

"టాంకి నిండ ఉన్నదక్కా."

"దారిలో ఏమైనా అడ్డం పడిందేమో."

టాంకీ నుంచి సన్నటి రాగి గొట్టం గోడ వెంట బయటే వస్తుంది. బాయిలర్‌కు చేరేముందు ఒక గాజు గిన్నె ఉంది, చెత్త వడకట్టడానికి. దానిలోంచి డీజిల్ కనబడాలి. కానీ లోపలంతా తెల్లగా ఉంది.

"నీళ్లు గలిసినయేమో" అంటూ అతను గిన్నె విప్పాడు. వేలు పెట్టి చూశాను. మెత్తగా, ముద్దగా తగిలింది. వేలికి అంటిన చోట మెల్లగా కరిగి జారింది. మా ఇంట్లో మాఘమాసం పొద్దుట తలకు రాసుకునే కొబ్బరినూనె సీసా గుర్తొచ్చింది.

"ఇది నీళ్లు కాదు తమ్ముడూ. నూనె పేరుకున్నట్టు పేరుకుంది."

"డీజిల్ పేరుకుంటదా ఎక్కడన్న?"

"ఇది కింద ఎండలో నింపుకొచ్చింది. ఈ చలి దానికేం తెలుసు?"

అతను గొట్టం పొడవునా తడిమి చూశాడు. "చలిదిక్కు లారీలోల్లు టాంకి కింద మంట పెడ్తరంట."

"వద్దు, వద్దు" అని అరిచాను. నా కేకకు నేనే ఉలిక్కిపడ్డాను.

స్టవ్వు మీద నీళ్లు మరిగించాం. పాత పక్కదుప్పటి చించి గొట్టం పొడవునా చుట్టి, దాని మీద వేడినీళ్లు పొయ్యడం మొదలుపెట్టాం. నీళ్లు పోసిన కాసేపటికే గుడ్డ చల్లబడేది. అమ్మమ్మ వచ్చి చూసింది. ఏమీ అడగకుండా నా చేతిలోని కెటిల్ తీసుకుని స్టవ్వుకూ గొట్టానికీ మధ్య తిరగసాగింది.

గిన్నె కడిగి బిగించాక అతను అన్నాడు, "ఇప్పుడే నొక్కద్దక్కా. ఇందాక మనం నొక్కినప్పుడల్ల కొంచెం కొంచెం డీజిల్ లోపలికి పోయింది. అదే పేలింది." తలుపు తెరిచి, లోపల అడుగున చేరిన తడినంతా గుడ్డలతో తుడిచాడు. కొట్టు తలుపులు బార్లా తీసి వాసన పోయేదాకా ఆగాం. జనరేటర్‌కు చేసినట్టే, లోపల చేరిన గాలి పోవడానికి గొట్టం చివర నట్టు కొంచెం వదులు చేశాడు. ముందు నురుగు, బుడగలు వచ్చాయి. తర్వాత పచ్చటి డీజిల్ ధారగా వచ్చింది. నట్టు బిగించాడు.

"నువ్వు బయటికి పో అక్కా. నేను నొక్కుత."

పోలేదు. తలుపు చాటున నిలబడి చెవులు మూసుకున్నాను. ఫ్యాను తిరిగింది. టక్ టక్. మూసుకున్న చేతుల్లోంచి కూడా ఆ చప్పుడు వినబడుతూనే ఉంది. ఇంకా ఎంతసేపు అనుకునేలోగా బుస్సుమని మంట అంటుకుని, ఆగకుండా మండసాగింది. అతను నేల మీద చతికిలబడి తువ్వాలులో ముఖం దాచుకున్నాడు.

ఇల్లు వెంటనే వెచ్చబడలేదు. గొట్టాల్లో గుడగుడ మొదలై, పిల్ల ఉన్న గదిలో రేడియేటర్ గోరువెచ్చనయ్యేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. సాయంత్రానికి పిల్ల కాలివేళ్లు గులాబీరంగుకు తిరిగాయి. దూది ముంచి పిండిన పాలచుక్కను చప్పరించింది. తల్లి అప్పుడు ఏడ్చింది.

ఆ తర్వాత రోడ్డు తెరిచేదాకా మేం ముగ్గురం వంతులవారీగా గొట్టానికి వేడిగుడ్డలు చుడుతూనే ఉన్నాం. బర్నర్ ఆగి మళ్లీ అంటుకున్న ప్రతిసారీ అన్నం ముద్ద చేతిలో ఉంటే చేతిలోనే ఉండిపోయేది.

వాగు తగ్గాక డాక్టరు గారు జీపు పంపారు, పిల్లను నిజ్వా ఆసుపత్రికి చేర్చమని. కొండ దిగుతున్నకొద్దీ గాలి వెచ్చబడింది. అమ్మమ్మ పిల్ల మీది దుప్పట్లు ఒక్కొక్కటీ తీస్తూ వచ్చింది. కిందికి చేరేసరికి పిల్ల పైపెదవి మీద చెమట పట్టింది. అక్కడి నర్సు చేతిలో పెట్టి, చెప్పాల్సినవన్నీ చెప్పాను. పిల్ల బతికింది. ఎండలు ముదిరాక అమ్మమ్మ చంకనేసుకుని కొండ మీదికి తెచ్చి చూపించింది కూడా.

కానీ ఆ రోజు అది నాకు తెలియదు. పిల్లను అప్పగించి వరండాలోకి రాగానే చేతులు వణకడం మొదలైంది. నీళ్ల గ్లాసు పట్టుకోలేకపోయాను. జీపు డ్రైవరు మలేరియా అనుకుని డాక్టర్ని పిలవబోయాడు. వద్దన్నాను. మెట్ల మీద ఎండలో కూర్చున్నాను. వణుకు తగ్గాక లేచి జీపెక్కాను.