ఎడమ కాలి నల్ల దారం

దయ్యాల కథలు చెప్పేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మా ఎల్లారెడ్డిలో మనిషి జ్వరంతో పోతే చేతబడి అన్నారు. బావిలో పడి పోతే బావి బలి కోరింది అన్నారు. బావి చుట్టూ గోడ కట్టినాక ఆ బలి ఎందుకు ఆగిపోయిందో మాత్రం ఒక్కడూ చెప్పడు. నేను బడికి పోలేదు. నూలు కట్టలకు చుట్టి వచ్చే కాగితాల మీది అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నవాణ్ణి. కళ్ళతో చూసింది తప్ప ఏదీ నమ్మలేదు. ఇది నేను కళ్ళతో చూసిన సంగతి, అదే నా బాధ.

నిజాం జమానా. పెద్ద లడాయి, అదే రెండో ప్రపంచ యుద్ధం, మొదలుకావడానికి రెండు మూడేండ్ల ముందు. నాకు పద్దెనిమిదో పంతొమ్మిదో ఉంటాయి. మగ్గం మీద కూర్చునేవాణ్ణి.

మా అక్క సత్తెమ్మ నాకంటే ఆరేండ్లు పెద్దది. అమ్మ చిన్నప్పుడే పోతే నన్ను చంకనేసుకుని పెంచింది ఆమే. కామారెడ్డికి ఇచ్చాం. అక్కడ ఆమెకు ఇద్దరు పుట్టారు, ఇద్దరూ పోయారు. ఒకడు పురుడు తీరకముందే, ఇంకొకడు ఇరవై రోజులకు. ఏం రోగమో చూసి చెప్పే డాక్టరు లేడు. కారణం మాత్రం ఊరందరికీ తెలుసు, అక్క కడుపు మంచిది కాదట. ఆ మాట అన్నవాళ్ళ పేర్లు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. రాయను. వాళ్ళ మనవలు చదువుతారు.

మూడో కాన్పు ఆడపిల్ల. మూడు నెలలు నిండగానే అక్క, బావ, అక్క అత్త పిల్లను తీసుకుని మా ఇంటికి వచ్చారు. మఠానికి పోవాలని.

ఎల్లారెడ్డికి మూడు కోసుల దూరంలో, అడవి అంచున పాత జంగమ మఠం ఉండేది. నల్లరాతి గోడలు, ద్వారం మీద అరిగిపోయిన కన్నడ అక్షరాలు. వెనక తోట. తోట అంటారు గాని ఎవరూ నాటింది కాదు. రాళ్ళ సందున ఒక ఊట, దాని తడికి నేరేళ్ళు, మారేళ్ళు, సీతాఫలాలు వాటంతట అవే లేచాయి. అక్కడ కొమ్మ విరవకూడదు. పండు అక్కడే తిని గింజ అక్కడే వేయాలి.

పిల్లలు నిలవనివాళ్ళు బిడ్డను చాటలో పెట్టి, ఆ తోటలో పారేసినట్టు వదిలిపోవాలి. ఊట దాకా పోయి కాళ్ళు కడుక్కుని, వేరే తోవన మఠం ముందుకు రావాలి. ఈలోగా మఠం చూసుకునే జంగమయ్య భార్య బిడ్డను తెచ్చి, ఎవరో పారేసిన పిల్ల అని చెప్పి, చాటెడు జొన్నలు తీసుకుని ఇస్తుంది. ఇక అది కొనుక్కున్న బిడ్డ. ఆ ఇంటి చావు దానికి అంటదు. నియమం ఒక్కటే, ఇంటిది ఏదీ బిడ్డ ఒంటి మీద ఉండకూడదు, గుడ్డ పీలిక కూడా. పారేసినదానికి గుర్తు ఎందుకు?

మఠానికి పోవాల్సిన శ్రావణ సోమవారం తెల్లవారుజామున అక్క పిల్లనెత్తుకుని నా మగ్గం గదిలోకి వచ్చింది.

“తమ్మీ, పిల్ల మారిపోతే ఎట్ల?”

“ఎవలు మారుస్తరక్కా, తోటల కోతులా?”

“నవ్వకు. ఇద్దర్ని మట్టిల పెట్టిన. దీన్ని చేతులార కింద పెట్టి పోవాల్నంట. నాకు ఒక గుర్తు కావాలె.”

నల్ల నూలు నాలుగు పోగులు పేని పిల్ల చీలమండకు కట్టాను. ఆడపిల్లకు ఎడమ కాలికి కట్టాలంది అక్క, ఎడమకే కట్టాను. ఆ కాలు ఆమే పట్టుకుంది. వేసింది మా సాలెవాళ్ళ ముడి. పడుగులో పోగు తెగితే వేస్తాం, విప్పడానికి రాదు, తెంపాల్సిందే. కొసలు పంటితో కొరకడం నా అలవాటు. దారం మడమ దాటి జారనంత బిగువుగా ఉంది. బొద్దు పిల్ల, కాలి మడతలో కనబడలేదు.

బండిలో నేను గొణుగుతూనే ఉన్నాను. అత్త ఊరుకోలేదు. “నీ తమ్మునికి నాలుగు అక్షరాలు వచ్చేసరికి దేవునికి పని లేకుంట పోయింది,” అని అక్కతో అంది.

“ఊకోవే అవ్వా, ఎద్దులు గూడ ఇంటున్నయి,” అన్నాడు బావ.

మఠం చేరేసరికి పొద్దు బారెడెక్కింది. నేరేడు చెట్టు కింద చాట పెట్టి, పిల్లను బట్టల్లేకుండా పడుకోబెట్టి నడిచాం. వెనక ఏడుపు. ఊట దగ్గర కాళ్ళు కడుక్కుంటుండగా అది ఆగిపోయింది. పిల్లలు ఏడ్చి ఏడ్చి ఊరుకుంటారు, అంతే అనుకున్నాను. అక్క మాత్రం నీళ్ళలో చెయ్యి పెట్టి అలాగే వంగి ఉండిపోయింది.

ముందుకు వచ్చేసరికి జంగమామె పిల్లతో నిలబడి ఉంది.

“తోటల దొరికింది. ఎవలో కండ్లు లేనోళ్ళు పారేసిండ్రు. మీకు పనికొస్తదా?”

“బక్కగున్నది. సరే తియ్యి, చాటెడు జొన్నల కంటె ఎక్కువియ్యం,” అంది అత్త. అదంతా అలా అనాల్సిన మాటలే. పిల్లకు తోటమ్మ అని పేరు పెట్టారు.

తిరుగు బండిలో అక్క పాలివ్వబోయింది. చెయ్యి పిల్ల కాలి మీదికి పోయింది, ఆగింది. నా మొహం చూసింది. నేను వంగి చూశాను.

దారం కుడి కాలికి ఉంది.

అదే నల్ల దారం. అదే ముడి, ఒక్కటే ముడి. నా పంటి కొరుకుతో చీలిన కొసలు. ఎక్కడా తెంపి మళ్ళీ కట్టిన జాడ లేదు. ఇంటికి వచ్చాక దీపం దగ్గర పెట్టుకుని మూడుసార్లు చూశాను.

బండిలోనే అక్క పిల్లను ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టింది. “ఇది నా పిల్ల గాదు,” అంది.

అత్తకు దారం సంగతి తెలియదు. ఆమె మెచ్చుకుంది. “గట్లనే అనాలె. కొన్న పిల్లనే గద.”

మరునాడు పొద్దుటికి గాని అత్తకు అర్థం కాలేదు, కోడలు మొక్కు కోసం అనడం లేదని. అప్పటికి పిల్ల రాత్రంతా పాలు లేకుండా ఉంది. మేకపాలలో వత్తి ముంచి నోట్లో పెడితే కక్కేసింది. అత్త తిట్టింది, బావ బతిమాలాడు. అక్క గోడ వైపు తిరిగి పడుకుంది.

నేను మఠానికి నడిచి పోయాను. దారం మార్చావా అని జంగమామెను నిలదీశాను. ఆమె నామీద మండిపడింది. “ఇంటి దారం ఉంచిండ్రా? చూస్తే అప్పుడే ఎల్లగొడుదును. నేను పోయెసరికి పిల్ల నవ్వుకుంట ఉన్నది. ఎత్తుకొచ్చిన, గంతే.” ఆమె అబద్ధమాడుతోందని ఎంత అనుకుందామన్నా అనుకోలేకపోయాను. ఆ రోజు తోటకు ఇంకెవరూ రాలేదట.

ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం. పిల్ల ఏడుపు గొంతు దాటి రావడం లేదు. సాయంత్రానికి పోతుందని నాకు తెలిసింది. అక్క పక్కన కూర్చున్నాను.

“అక్కా, నేను తొందరల కుడికాలుకే కట్టిన. నువ్వు సరిగ చూడలే.”

“నిజమేనా?”

“అవ్వ తోడు.”

పోయిన మా అమ్మ మీద ఒట్టు పెట్టాను. అక్క చాలాసేపు నా కళ్ళలోకి చూసింది. తర్వాత లేచి కూర్చుని పిల్లను తీసుకుంది.

తోటమ్మ బతికింది. అక్కకు నిలిచిన బిడ్డ ఆమె ఒక్కతే. పుర్రచెయ్యి వాటం, అద్దంలో బొమ్మలా కుడి ఎడమైనట్టు. అది సాక్ష్యం కాదు, పుర్రచెయ్యి ఎందరికో ఉంటుంది. మంచి మనిషి. పోయిన ఏడు పోయింది, అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

అక్క ఏటా శ్రావణ సోమవారం ఆ తోటకు పోయి పొద్దు గుంకేదాకా కూర్చునేది. మొక్కు తీర్చుకుంటోంది అనుకున్నాం.

లడాయి నడుస్తున్న రోజుల్లో కామారెడ్డిలో గత్తర, అదే కలరా, వచ్చింది. కబురు తెలిసి పోయేసరికి అక్క కళ్ళు లోతుకు పోయి ఉన్నాయి. తోటమ్మను పక్కింటికి పంపించారు. మంచం దగ్గర నేనొక్కణ్ణే ఉన్నాను.

“ఎడమకాలుకే కట్టినవ్ తమ్మీ. కాలు పట్టుకున్నది నేనే గద.”

మరి పాలు ఎందుకిచ్చినవని అడిగాను.

“అది ఏడుస్తున్నది. ఎవలి పిల్లయితేంది, ఆకలి ఆకలే గద.” నా వైపు తిరిగింది. “మరి నా పిల్ల ఏడిస్తే ఎవలు పాలిచ్చిండ్రంటవ్?”

“ఎవలో ఒకలు ఇచ్చే ఉంటరక్కా,” అన్నాను.

ఆమె కళ్ళు మూసుకుంది. తెల్లారేసరికి లేదు.

దేన్నీ నమ్మని నేను అన్న మాట అది. అంతకుముందు ఆమెకు చెప్పింది అబద్ధమని నాకు తెలుసు. ఈ రెండోది అబద్ధమో నిజమో నాకు ఇవాళ్టికీ తెలియదు.