వంతు రాని చిన్న పని

కరోనా తగ్గాక వచ్చిన మొదటి యాసంగి పంటకాలం. హుజూరాబాద్ దగ్గర ఒక రైస్ మిల్లులో, యంత్రాలను కనిపెట్టుకుని ఉండే మా కంపెనీ చిప్‌ను మొదటిసారి బిగించాం. అప్పటికి పదేళ్లుగా చిప్ డిజైన్ చేస్తున్నా, నా పని మనుషుల మధ్య నడవడం చూసింది అక్కడే. పుట్టి పెరిగింది కరీంనగర్‌లోనే కాబట్టి మిల్లు గురించి నాకు ఒకరు చెప్పక్కర్లేదన్న పొగరు కూడా ఉండేది.

ఆ చిప్‌లో రెండు రకాల ప్రాసెసర్లుంటాయి. పెద్దది వేగంగా పనిచేస్తుంది, కరెంటు ఎక్కువ తింటుంది. చిన్నవి నిదానం. ఏ పని దేనికివ్వాలో సాఫ్ట్‌వేర్ ఆలోచిస్తూ కూర్చుంటే ఆలస్యమని, ఆ పంపకాన్ని చిప్‌లోనే ఒక సర్క్యూట్‌కు అప్పగిస్తాం. దాన్ని హార్డ్‌వేర్ షెడ్యూలర్ అంటారు. అది గీసింది నేనే. బిగించాక కూడా సర్క్యూట్ మార్చుకోగలిగే రకం చిప్ అది.

మిల్లులో పనులు పంచే మనిషి హమాలీ మేస్త్రీ కొమురయ్య. బస్తాలు మోయడం వయసువాళ్లకు, మూతులు కుట్టడం ముసలివాళ్లకు. వడ్లను పైకెత్తే ఎలివేటర్ మీద ఓ కన్నేసి ఉంచేదీ ఆయనే. ఒకరోజు లారీలను ఆపి, ఆరు బస్తాలతో వచ్చిన రైతు ట్రాలీని ముందు దింపించాడు. ఎందుకని అడిగాను.

"పొద్దటి సంది నిలబడ్డడు బిడ్డా. చిన్న లోడని ఎనుకకు నూకుకుంట పోతే ఆయన వంతు ఎప్పుడొస్తది?"

బాగుంది కాకా అని నవ్వాను. నా సర్క్యూట్‌లో అలాంటి ఏర్పాటు లేదని అప్పుడే గుర్తొచ్చింది కూడా. తర్వాత చూద్దాంలే అనుకున్నాను.

బియ్యం రంగు చూసే కెమెరా పనికి నేను ముందు వరుస ఇచ్చాను. ఎలివేటర్ బేరింగ్ వేడి కొలిచే పని చిన్నది, దానికి చివరి వరుస. కోతలు ముమ్మరమై మిల్లు ఆగకుండా నడిచిన వారంలో ఒకరోజు కెమెరా పనే చిన్న ప్రాసెసర్లను కూడా ఆక్రమించేసింది. వేడి కొలిచే పనికి వంతే రాలేదు. స్క్రీన్ మీద మాత్రం పొద్దుటి అంకె అలాగే ఉండిపోయింది.

ఆ మధ్యాహ్నం కొమురయ్య ఫోన్ చేశాడు. బేరింగ్ దగ్గర గ్రీసు మాడిన వాసన వస్తోంది, బంద్ చేయమంటావా అని అడిగాడు. నేను అప్పటికి హైదరాబాద్ వచ్చేశాను; అక్కడ నా కంప్యూటర్ మీదా అదే పాత అంకె, నలభై రెండు డిగ్రీలు.

"చెయ్యి పెట్టినా కాలదు కాకా, నడిపియ్యి" అన్నాను.

నా బుద్ధి గడ్డి తిన్నది. ఆయన నిజంగానే చెయ్యి పెట్టి చూశాడు. చురుక్కుమని కాలి, ఉలిక్కిపడి లాక్కోబోతే చెయ్యి పక్కనున్న బెల్టులో పడింది. కుడిచేతి వేళ్లు రెండు పోయాయి.

ఆస్పత్రికి వెళ్లాను. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"నువ్వు డబ్బాను నమ్మినవ్. నేను నిన్ను నమ్మిన. ఏం జేస్తం బిడ్డా" అన్నాడు.

క్షమించమని అడగకుండానే తిరిగొచ్చాను. అందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

తర్వాత సర్క్యూట్ మార్చాను. ఎంత చిన్న పనైనా, ఆగినకొద్దీ దాని వరుస ముందుకు జరుగుతుంది. పాత అంకెను స్క్రీన్ పాతదనే చూపిస్తుంది. అంతా కలిపి రెండు రోజుల పని. ఆ ట్రాలీని దింపించిన రోజే చేసి ఉండాల్సింది.

ఇప్పుడు ఏ మిల్లు నుంచి ఫోన్ వచ్చినా ముందు స్క్రీన్ తెరవను. అక్కడ వాసన ఎట్లుందని అడుగుతాను.