చేతికి రాని వరస

రాజమండ్రిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పంతొమ్మిదేళ్ళుగా ఎక్స్‌రేలు తీస్తున్నాను. వచ్చినవాళ్ళ మొహాలు నాకు గుర్తుండవు. చెయ్యి ఇక్కడ పెట్టండి, ఊపిరి బిగబట్టండి, అయిపోయిందండి. రోజంతా ఈ మూడు మాటలే. ఆ పెద్దాయన రెండు చేతులూ పలక మీద పెట్టినప్పుడు మాత్రం నేను నాలుగో మాట మాట్లాడాను. ఆయన కుడిచేతి బొటనవేలికీ, మరో మూడు వేళ్ళకీ గోళ్ళు పొడుగ్గా ఉన్నాయి. ఎడమచేతికి మొదలంటా కత్తిరించి ఉన్నాయి. ఎందుకలా అని అడిగాను.

"గిటారుకండి. ముట్టుకుని రెండేళ్ళయింది. గోళ్ళు మాత్రం అలా ఉంచుకుంటున్నాను," అన్నారు.

ఏం వాయించేవారని అడిగితే, నేను విని ఉండనన్నారు. పెద్దపెద్ద పత్తి చేలల్లో పనిచేసిన అమెరికా నల్లవాళ్ళ పాట, బ్లూస్ అంటారు, అని చెప్పారు. కానీ నేను ఆ పాట విన్నవాణ్ణే. అంతకు ఐదారేళ్ళ ముందు ఆసుపత్రికి వచ్చే బస్సులో ఏదో వింటుంటే, అది అయిపోయాక ఫోను దానంతట అదే ఒక ముసలాయన పాట పెట్టింది. ఒక గొంతు, ఒక గిటారు. మాటలు సగం అర్థం కాలేదు. దిగాల్సిన స్టాపు దాటిపోయాను. ఆ రోజు నుంచీ వెతుక్కుని వింటూనే ఉన్నాను. ఎవరికీ చెప్పలేదు. బ్లూస్ అన్న మాట మరొక మనిషి నోట వినడం నాకు అదే మొదలు.

బొమ్మ తెర మీదకి వచ్చింది. వేళ్ళ కీళ్ళలో ఉండాల్సిన సందులు కనిపించలేదు. ఎముక ఎముకని ఒరుసుకుంటోంది. ఎడమచేతి ఉంగరపు వేలు పక్కకి ఒరిగిపోయింది. మళ్ళీ వాయించగలనా అని ఆయన నన్నే అడిగారు. మాకు అలవాటైన జవాబే చెప్పాను. డాక్టరుగారు చెప్తారండి, అన్నాను.

తరవాతి ఆదివారం చిరునామా కనుక్కుని ఆయన ఇంటికి వెళ్ళాను. రైలు పట్టాలకి దగ్గర్లో ఒక మేడ మీద అద్దెకి ఒక్కరే ఉండేవారు. ఉద్యోగమంతా ఖరగపూర్ రైల్వేలో ఫిట్టరుగా చేశారట. అక్కడ ఒక ఇంజను డ్రైవరు దగ్గర గిటారు నేర్చుకున్నారట. భార్య పోయి చాలా ఏళ్ళయింది. ఒక్కతే కూతురు, జంగారెడ్డిగూడెంలో కాపురం. అల్లుడికి పామాయిల్ తోటలున్నాయి. నాకు నేర్పుతారా అని అడిగాను. మీ వయసెంత అన్నారు. నలభై నాలుగు అన్నాను. కాసేపు నా వేళ్ళకేసి చూసి, గోడకి ఆనించి ఉన్న గిటారు తెచ్చుకోమన్నారు.

మా ఆవిడ విని, ఇదేం పిచ్చండీ అంది కానీ అడ్డు చెప్పలేదు. మా అమ్మాయి ఆ ఏడే ఇంటర్ చదవడానికి హాస్టలుకి వెళ్ళింది. ఇంట్లో మా ఇద్దరికీ మాట్లాడుకోవడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు.

నేను ఆయన్ని మాస్టారూ అని పిలవడం మొదలుపెట్టాను. నేను ఫిట్టర్నండి, మాస్టార్ని కాదు, అని రెండు మూడుసార్లు అని ఊరుకున్నారు. ఆయన వాయించి చూపించలేరు. కుర్చీలో కూర్చుని, చేతి కర్రతో నేల మీద తాళం కొడుతూ, గొంతుతో పలికి చూపించేవారు. దాన్నిబట్టి నేను పట్టుకోవాలి. మొదటి రెండు నెలలూ నొప్పితోనే గడిచిపోయాయి. ఇనప తీగలు వేళ్ళ కొసల్ని కోసేశాయి. ఆసుపత్రిలో కంప్యూటరు మీట నొక్కినా చురుక్కుమనేది. కొన్నాళ్ళకి కాయలు కాశాయి. అదే నేను సాధించిన మొదటి విజయం. ఇప్పుడనిపిస్తుంది, చివరిదీ అదేనేమో అని.

బ్లూస్ చాలా చిన్న సంగతి అని చెప్పారాయన. నాలుగు తాళపు దెబ్బలకి ఒక గడి; అలాంటి పన్నెండు గళ్ళు, తీగల్ని కలిపి నొక్కే మూడు పట్లు, మూడు పాదాలు. నాలుగేసి గళ్ళకి ఒక పాదం.

"ఒక మాట అంటాం. ఎవరూ వినలేదని మళ్ళీ అదే మాట అంటాం. మూడోసారి మనకి మనమే జవాబు చెప్పుకుంటాం. అంతేనండి. మళ్ళీ మొదటికి."

ఆ 'అంతే' అన్నదే నాకు రాలేదు. మూడో పట్టుకి నాలుగు వేళ్ళు ఒకేసారి నాలుగు చోట్ల పడాలి. నా చిటికెన వేలు ఎప్పుడూ ఆలస్యంగా వచ్చేది. వేళ్ళు కాస్త కుదిరాక తాళం తప్పడం మొదలైంది. పాదం చివరికి వచ్చేసరికి నాకు తెలియకుండానే వేగం పెంచేసేవాణ్ణి. ఆయన కర్ర ఆపేసేవారు. "పరిగెత్తకండి. ఎక్కడికెళ్ళాలండి మీరు?" అనేవారు. విసుగు లేకుండా, నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగేవారు.

నాలుగో నెలలోనో ఐదో నెలలోనో ఆయన నాకు ఎందుకు నేర్పుతున్నారో చెప్పారు. భార్య పోయిన ఏడాది ఆయన ఒక వరస కట్టుకున్నారు. పన్నెండు గళ్ళే. మాటల్లేవు. ఎక్కడా రాసుకోలేదు. ఎవరి ముందూ వాయించలేదు. ఇన్నేళ్ళూ రోజుకి ఒక్కసారి వాయించుకున్నారు, వేళ్ళు ఆగిపోయేదాకా. అది ఇంకొకరి చేతుల్లో వినాలని ఉందన్నారు. నేను వెంటనే ఫోను తీశాను. మీరు పాడండి, రికార్డు చేస్తాను, ఎక్కడికీ పోదు, అన్నాను. ఆయన ఒప్పుకోలేదు.

"ఫోన్లో పెడితే ఫోన్లోనే ఉండిపోద్దండి. మీరు మళ్ళీ దాని జోలికి పోరు. చేతికి రావాలి."

చొక్కా జేబులో ఫోను ఆన్ చేసి పెట్టుకుంటే ఆయనకి తెలిసేది కాదు. ఆ ఆలోచన చాలా ఆదివారాలు వచ్చింది. దొంగతనంలా అనిపించి మానేశాను. నా జీవితంలో నేను చూపించిన నిజాయితీలన్నిట్లోకీ పనికిమాలినది అదే.

మొదటి రెండు పాదాలూ మూడు నెలల్లో తంటాలు పడి పట్టుకున్నాను. మూడో పాదంలో ఒకచోట తీగని వేలితో పైకి నెట్టి, ఒక స్వరం నుంచి పై స్వరానికి పూర్తిగా చేరకుండా మధ్యలో నిలపాలి. ఆ వరస ప్రాణమంతా అక్కడే ఉందనేవారు. గడప మీద ఆగాలండి, లోపలికీ వెళ్ళకూడదు, బయటికీ రాకూడదు, అనేవారు. తను పలికి చూపించేవారు. విన్నప్పుడు నాకు స్పష్టంగా వినిపించేది, ఒళ్ళు జలదరించేది. నేను నెడితే మాత్రం తీగ పై స్వరం దాకా పోయేది, లేకపోతే కదిలినట్టే ఉండేది కాదు. పదిసార్లు, యాభైసార్లు. ఒకరోజు ఆయన ఉండబట్టలేక గిటారు ఇలా ఇమ్మన్నారు. ఒళ్ళో పెట్టుకుని, కుడిచేత్తో ఎడమచేతి వేళ్ళని ఒక్కొక్కటే పట్టుకుని తీగల మీద పెట్టుకున్నారు. మీటారు. తీగ గరగరమంది. వేలు దాన్ని నొక్కలేదు. ఇంకోసారి మీటారు. తరవాత గిటారు నాకు ఇచ్చేసి, వంటగదిలోకి వెళ్ళి చాలాసేపు మంచినీళ్ళు తాగారు. నేను వాయించడం మొదలుపెట్టాలో వద్దో తెలియక అలాగే కూర్చున్నాను.

వానాకాలం మొదట్లో ఆయన స్నానాలగదిలో జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆ ఎక్స్‌రే కూడా నేనే తీశాను. ఆపరేషను అయ్యాక కూతురు వచ్చి జంగారెడ్డిగూడెం తీసుకెళ్ళిపోయింది. వెళ్తూ ఆయన గిటారు నాకిమ్మన్నారని ఆమె తెచ్చి ఇచ్చింది. ఆదివారాలు గిటారు పట్టుకుని బస్సెక్కి వెళ్ళేవాణ్ణి. కొవ్వూరు దాటాక పచ్చటి వరి చేలు తగ్గుతూ ఎర్రనేల మొదలయ్యేది. ఆ దారంతా ఎడమచేతి వేళ్ళతో తొడ మీద మూడో పాదం సాధన చేసేవాణ్ణి. పక్కన కూర్చున్నవాళ్ళు ఒకసారి చూసి కొంచెం జరిగేవాళ్ళు.

ఆయన మంచం పామాయిల్ చెట్లు కనిపించే కిటికీ పక్కన వేశారు. చూస్తుండగానే చిక్కిపోయారు. రెండో నెలలో ఎముక దగ్గర చీము పట్టింది. మళ్ళీ ఆపరేషను ఈ వయసులో తట్టుకోలేరన్నారు డాక్టర్లు. వెళ్ళిన ప్రతిసారీ ఆయన కోసం వాయించేవాణ్ణి. కళ్ళు మూసుకుని వినేవారు. ఎక్కడా ఆపమనేవారు కాదు, తప్పు చెప్పేవారు కాదు. నాకు కొంచెం వస్తోందేమో అనుకున్నాను. ఆ ఆశ గురించి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

దసరా సెలవులు అయిపోయిన ఆదివారం అనుకుంటాను. ఆ రోజు ఆయనకి కాస్త నయంగా ఉంది. దిండ్లు ఎత్తు పెట్టించుకుని కూర్చున్నారు. వాయించమన్నారు. వాయించాను. మూడో పాదంలో తీగ ఎప్పటిలాగే పై స్వరంలోకి వెళ్ళిపోయింది. అయిపోయాక, చాలండి, అన్నారు. అది కాదు అని మెల్లిగా తల అడ్డంగా ఊపారు.

మీరు ఒక్కసారి పలకండి మాస్టారూ, పట్టుకుంటాను, అన్నాను. ఆయన గొంతు సవరించుకుని మొదలుపెట్టారు. మొదటి పాదం. రెండో పాదం. మూడోది ఎత్తుకున్నారు. ఆ చోటు వచ్చింది. ఆయన గొంతు గడప దాటి పై స్వరంలోకి వెళ్ళిపోయింది, అచ్చం నా వేలు వెళ్ళినట్టే.

ఆగిపోయారు. మళ్ళీ మొదలుపెట్టారు. మళ్ళీ అంతే. మూడోసారి నోరు తెరిచి, ఏమీ పలకకుండా నాకేసి చూశారు.

"మీదే వస్తోందండి," అన్నారు. "నాది రావట్లేదు."

ఇన్ని ఆదివారాలు ఆయనకి నేను వినిపించింది ఆ తప్పునే. మంచం మీద కదలకుండా పడుకున్న మనిషికి వేరే ఏమీ వినిపించకుండా, దాన్నే మళ్ళీ మళ్ళీ వినిపించాను. అసలైన వరస లోకంలో ఒక్కచోటే ఉంది. దాని మీద నా తప్పుని పరిచేశాను. కూతురు టీ తెచ్చింది. మా ఇద్దరి మొహాలూ చూసి, ఏంటండీ అన్నయ్యగారూ, ఏమైంది, అని అడిగింది. ఏం లేదమ్మా అన్నాను. ఆయన టీ తాగి, ఎండలో వచ్చారు, బస్సు ఉండగానే బయల్దేరండి, అన్నారు. గుమ్మం దాకా వెళ్ళాక వెనక్కి పిలిచారు.

"మీరేం అనుకోకండి. బాగా కష్టపడ్డారు మీరు."

తరవాతి రెండు ఆదివారాలూ డ్యూటీ ఉందని అబద్ధం చెప్పి వెళ్ళలేదు. మూడో వారం మధ్యలో ఆయన కూతురు ఫోను చేసింది. పొద్దున్నే కాఫీ అడిగారట, తెచ్చేలోపే పోయారట. అంత్యక్రియలకి వెళ్ళాను. గిటారు తీసుకెళ్ళలేదు. అక్కడున్నవాళ్ళకి నేను ఎక్స్‌రే తీసేవాణ్ణనే తెలుసు, అంతకన్నా ఎవరూ అడగలేదు. నాన్నగారు ఆఖరి రోజుల్లో ఏదో పాట గుర్తు తెచ్చుకోవడానికి తెగ అవస్థ పడ్డారండి, నోట్లో నోట్లో అనుకుని మళ్ళీ ఆగిపోయేవారు, అని చెప్పింది కూతురు. అదేం పాటో మీకేమైనా తెలుసా అని అడిగింది. తెలియదన్నాను.

ఆ తరవాత ఏడాది పాటు సాధన మానలేదు. ఫోన్లో పాఠాలు చూశాను. నేను వాయించినది రికార్డు చేసుకుని విన్నాను. తాళం కొంత కుదిరింది. మూడో పట్టుకి చిటికెన వేలు ఇప్పుడు వేళకే వస్తుంది. మాస్టారి వరస మొదటి రెండు పాదాలూ ఎవరైనా వింటే తప్పు పట్టలేరనుకుంటాను. మూడో పాదంలో ఆ చోట తీగ ఎంత నెట్టాలో ఇప్పుడు చేతికే కాదు, చెవికి కూడా తెలియదు. కొంచెం తక్కువ నెట్టి ఇదేనా అనుకుంటాను. కొంచెం ఎక్కువ నెట్టి ఇదేనేమో అనుకుంటాను. అవునో కాదో చెప్పగలిగిన మనిషి లేడు. ఒకరోజు వేలు ఎక్కడో ఆగింది. అదే అనిపించింది. వెంటనే మళ్ళీ వాయిస్తే రాలేదు. నిజంగా అదేనో, నేను కోరుకోవడం వల్ల అలా వినిపించిందో తేల్చుకోలేకపోయాను.

మన గాలికి ఇనప తీగలు తొందరగా తుప్పు పడతాయి. రెండుసార్లు మార్చాను. మూడోసారి సన్నతీగ తెగితే మార్చలేదు. గిటారుని మా అమ్మాయి గదిలో బీరువా మీద పడుకోబెట్టాను.

వినడం కూడా పోయింది. నేర్చుకోకముందు ఆ పాటలు మొత్తంగా వచ్చి మీద పడేవి, నేను తడిసిపోయేవాణ్ణి. ఇప్పుడు ఎక్కడ పట్టు మారిందో, ఎక్కడ తీగ నెట్టారో ముందే తెలిసిపోతుంది. ఎంత తేలిగ్గా నెట్టారో కూడా తెలుస్తుంది. మొన్న మా ఆవిడ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ, మీ పాటలు పెట్టుకోవట్లేదేంటండీ ఈమధ్య, అని అడిగింది. ఆమె అడిగింది కదా అని ఒకటి పెట్టాను. రెండో పాదం దాకా విని, ఫోను ఆపేసి, ఆమె పక్కన కూర్చుని కొన్ని కాయలు నా ముందుకి లాక్కున్నాను. బాగానే ఉంది కదా, ఎందుకాపారు, అంది. ఈనెలు తీస్తూ ఉండిపోయాను.