తాత దొంగ కుంటుడు

నా చిన్నప్పుడు మా ఇంట్లో చెప్పు గడప దాటి లోపలికి వచ్చిందంటే అవ్వ ఇల్లంతా కడిగించేది. ఇప్పుడు ఆ సంగతి గుర్తొస్తోందంటే కారణం నా మడమ. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే చాలు, లోపల మేకు దిగినట్టుంటుంది. పాదం అడుగున మడమ నుంచి వేళ్ళ దాకా ఉండే పట్టీ రాత్రంతా బిగుసుకుపోయి, లేవగానే ఒక్కసారిగా సాగుతుందట. మంచం దిగేముందు తువ్వాలుతో వేళ్ళను వెనక్కి లాగమనీ, ఇంట్లో కూడా మెత్తటి చెప్పులు వేసుకోమనీ డాక్టరమ్మ చెప్పింది. వేసుకుంటున్నాను. అప్పటినుంచి మా ఇంటికి వచ్చినవాళ్ళు నా ముఖం చూడడం మానేసి కాళ్ళు చూస్తున్నారు. మొన్న మా ఆడపడుచైతే, "ఇంట్లో చెప్పులేంది వదినా, బాగా నడిచేదానివేగా" అంది. నొప్పి నాది, తీర్పు ఊరందరిదీ.

మా అమ్మకూ ఇదే నొప్పి. మాది పట్నానికి ఉత్తరపు కొసన తిరువొత్తియూరు. అమ్మ టి. నగర్‌లో ఒక చీరల కొట్లో పనిచేసేది. పొద్దున రైలెక్కితే దీపాలు పెట్టాకే ఇల్లు చేరేది. ఆ కొట్లో చీరలు చూపించే ఆడవాళ్ళు కూర్చోకూడదు. గిరాకీ ఉన్నా లేకపోయినా చలువరాతి మీద వట్టికాళ్ళతో నిలబడాల్సిందే. అట్లా నిలబడీ నిలబడీ మడమ పట్టుకుంది. పొద్దున చాప మీద నుంచి లేచి, గోడ పట్టుకుని వంటింట్లోకి పోతుంటే నాకు ఏడుపొచ్చేది. ఒకరోజు బల్లకు ఆనుకుందని కొట్టు మేనేజరు, ఇంకోసారి ఇట్లా కనిపిస్తే పనికి రానక్కర్లేదన్నాడు. మా ఇల్లు సగం ఆ జీతం మీదే నడిచేది.

ధర్మాసుపత్రి డాక్టరు అప్పుడే చెప్పాడు, వట్టి నేల మీద నడవొద్దు, ఇంట్లో కూడా చెప్పులు వేసుకోమని. అవ్వ ఒప్పుకుంటేనా.

"చెప్పులేసుకొని పొయ్యి కాడికి పోతావా? మేమంతా నడవలా? మాకు కాళ్ళు లేవా?" అని ఒక్కమాటలో తేల్చేసింది.

అమ్మ వట్టికాళ్ళతోనే వంటింట్లోకి పోయింది. మామగారి ముందు చెప్పులతో తిరగడమంటే ఆమెకూ తలకొట్టేసినట్టుండేది. ఇంత మొండివాళ్ళు ఒకే కప్పు కింద ఎట్లా చేరారో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అప్పుడు తాత కుంటడం మొదలుపెట్టాడు. పొద్దున లేస్తూనే అమ్మలాగే గోడ పట్టుకుని, మడమ ఆనించలేకపోతున్నానన్నాడు. ఇక చూడాలి అవ్వ హడావిడి. ఉప్పునీళ్ళు కాచింది. ఇటుక కాల్చి, దాని మీద పండిన జిల్లేడాకు వేసి కాపడం పెట్టించింది. ఆ తొందరలో తన వేళ్ళు కాల్చుకుంది. మరునాటికీ ఆయన కుంటుతూనే ఉన్నాడు. కోడలికి డాక్టరు చెప్పిన మాట అవ్వకు అప్పుడు జ్ఞాపకమొచ్చింది. తానే బజారుకు పోయి కొత్త హవాయి చెప్పులు తెచ్చి, కడిగి, పసుపు బొట్టు పెట్టి, తాత కాళ్ళ దగ్గర పెట్టింది. ఆయన వాటితో టపటపమంటూ ఇల్లంతా తిరిగాడు, వంటింటితో సహా. అవ్వ బిందెడు నీళ్ళు కూడా పోయించలేదు.

ఆదివారం అమ్మ ఇంట్లో ఉన్నప్పుడు తాత ఆ చెప్పులు విడిచి, చక్కగా నడుచుకుంటూ వచ్చి వాటిని అమ్మ ముందు పెట్టాడు.

"నాకే నొప్పీ లేదు," అన్నాడు అవ్వతో. "కోడలు ఇన్నినాళ్ళుగా కుంటతా ఉంటే నీ కంటికి ఆనలా. నేను రెండు దినాలు కుంటితే చెప్పులు ఇంట్లోకే వచ్చినాయి. ఆమెది మాత్రం కాలు కాదా?"

అవ్వ ముఖం కందగడ్డలా అయింది. కాలిన వేళ్ళు ఒకసారి చూసుకుంది. అమ్మ తల వంచుకుని కూర్చుంది, చెప్పులు ముట్టుకోలేదు. నాకు ఇద్దరి మీదా విసుగొచ్చింది. చివరికి అవ్వే కదిలింది. చెప్పులు తీసి అమ్మ కాళ్ళ దగ్గరికి జరిపింది.

"ఏసుకో అమ్మాయ్. నువ్వు ఏసుకోకుంటే ఈ ముసలాయన రేపు మళ్ళీ కుంటతాడు, నేను మళ్ళీ ఇటుక కాల్చాల."

అమ్మ నవ్వబోయి ఏడ్చేసింది. వేసుకుని లేచి నిలబడింది. తాత కొలత కాబట్టి వెనక రెండు వేళ్ళ చోటు మిగిలింది. మర్నాడు పొద్దున ఆమె వాటితోనే పొయ్యి దగ్గరికి పోయింది. అవ్వ చూసి పక్కకు జరిగి చోటిచ్చింది. నొప్పి తగ్గడానికి నెలలు పట్టింది గానీ, కొట్లో పని పోలేదు.

తాత పోయి చాలా ఏళ్ళయింది. ఆయన అంత కష్టపడి కుంటినా లోకానికి బుద్ధి రాలేదని మొన్న ఆడపడుచు మాటతో తెలిసింది. నా వరకు మాత్రం ఆ ఆదివారం చాలు. ఎవరైనా నొప్పి అంటే ఎక్కడ అని అడుగుతాను, నిజమా అని అడగను. నన్ను నమ్మించడానికి ఎవరూ నా ముందు కుంటనక్కర్లేదు.