నీళ్ల కింద జొన్నల పాతర

మా అమ్మ పుట్టిన ఊరు కృష్ణ ఒడ్డున ఉండేది. ఇప్పుడు డ్యాము నీళ్ల అడుగున ఉంది. ఊరు ఖాళీ చేయమన్నప్పుడు అందరూ తలుపులు, దూలాలు పీకి బండ్లకెత్తుకున్నారు. మా తాత పెరట్లోని జొన్నల పాతరను మాత్రం ముట్టుకోలేదు. పాతరంటే నేలలో లోతుగా తవ్వి, జొన్నలు నింపి, మూతికి బండ పెట్టి మట్టితో మెత్తే గుంత. ఆ ఏటి పంటంతా అందులోనే ఉంది. తాత ఇంకోసారి మట్టి మెత్తి, చేతులు కడుక్కుని, దసరాకు నీళ్లు దిగిపోతే వచ్చి తవ్వుకుందామని బండెక్కాడట.

తలచుకుంటే నవ్వొస్తుంది. నీళ్లు వచ్చి నిలిచిపోతాయంటే మా సీమ మనిషి ఎట్లా నమ్ముతాడు? ఆయన చూసిందల్లా వంక పారి రెండు రోజుల్లో ఇసుక తేలడం, నది పొంగి నాలుగు రోజుల్లో ఒడ్డు దిగడం. నీళ్లంటే వచ్చిపోయే చుట్టమనే అనుకున్నాడు.

చిన్నప్పటి నుంచి ప్రతి ఎండాకాలం, నీళ్లు బాగా కిందికి పోయినప్పుడు, అమ్మ నన్ను వెంటబెట్టుకుని అక్కడికి పోయేది. నెర్రెలిచ్చిన ఒండ్రు మీద మొండి గోడలు తేలి ఉండేవి. అంతా తెల్లగా, ఎండలో ఊగుతున్నట్టుండేది. కూలిన బావి గట్టు నుంచి అమ్మ అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచి ఒకచోట ఆగేది. “ఈడే” అనేది. కాసేపు నిలబడి తిరిగొచ్చేది. ఒకసారి, తవ్వి చూద్దామా అన్నాను.

“తవ్వితే ఏముంటాదో నాకు తెలీదా? తవ్వకుంటే జొన్నలుండాయి” అంది.

నేను కడపలో కాలేజీ పిల్లలకు ఫిజిక్సు చెబుతాను. కరెంటు పాఠం వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు లేచి, దేశానికి ఎండ కరెంటు మేలా, నీళ్ల కరెంటు మేలా అని అడుగుతారు. నాకు ఒళ్లు మండుతుంది. ఇదేమన్నా కోడిపందెమా? ఎండ కరెంటుకు బొగ్గూ అక్కర్లేదు, నదీ అక్కర్లేదు. కానీ ఊరంతా దీపాలు వేసుకునే వేళకు అది ఇంటికి పోతుంది. నీళ్ల కరెంటు పిలిచిన నిమిషాల్లో పలుకుతుంది. కానీ కరువొస్తే డ్యాము నోరు తెరుచుకుని చూస్తుంది. మా ఎండాకాలంలో నీళ్లు అడుగంటినప్పుడే సోలారు పలకలు బాగా పనిచేస్తాయి. ఒకటి తడబడినచోట రెండోది చెయ్యి పట్టుకోవాలి. బోర్డు మీద ఇంతవరకూ రాసి చాక్‌పీసు కింద పెట్టేస్తాను. పాతర సంగతి ఎప్పుడూ చెప్పలేదు.

పరిహారం కింద వచ్చినదాంతో తాత మెట్టన కొన్న చేను అమ్మకు వచ్చింది. సోలారు వాళ్లు దాన్ని పాతికేళ్ల కౌలుకు అడిగారు. చుట్టుపక్కల చేలన్నీ ఇచ్చేశారు. అమ్మ ఒక్కతే సంతకం పెట్టనంటోందని తెలిసి, బస్సెక్కి పోయి ఆమెను చేను దగ్గరికి తీసుకుపోయాను. ఆటో గుట్ట మలుపు తిరగగానే దూరంగా, పొరుగు చేలల్లో కొత్తగా పరిచిన పలకలు నీలంగా మెరిశాయి.

“ఈడెప్పుడు వాన పడింది? చెరువు నిండుండాదే!” అంది అమ్మ. చెరువు కాదు, పలకలని చెప్పాను.

అక్కడితో ఆగలేదు. పాఠమంతా ఒప్పజెప్పాను. మన గుట్టల్లోనే పగటి ఎండ కరెంటుతో నీళ్లను పైకి తోడి పెట్టుకుని, సాయంత్రం కిందికి వదిలి మళ్లీ కరెంటు తీస్తున్నారని కూడా చెప్పాను.

“అంటే ఎండను పాతరకేస్తాండారు” అంది. నేను ఇన్నేళ్లుగా అంత సులువుగా ఎవరికీ చెప్పలేకపోయాను.

కంపెనీ తరఫున వచ్చిన ఆయన కాగితాలతో గట్టు మీదే కాచుకుని ఉన్నాడు. మర్యాదగల మనిషి. “గడువు తీరినాక నీ చేను నీకే వస్తుందవ్వా” అన్నాడు.

“మా నాయన గూడా అట్లే అనుకున్యాడప్పా. దసరాకు పోతామన్యాడు.”

నాకు కోపం వచ్చింది. అది వేరు, ఇది వేరు, నేల ఎక్కడికీ పోదు, కంటికి కనబడుతూనే ఉంటుందని గట్టిగా అరిచాను. అమ్మ నా వైపు చూడలేదు. చేను చుట్టూ వేసే కంచెకు గేటు ఉంటుందా అని ఆయన్ను అడిగింది. ఉంటుందన్నాడు. తాళం వేస్తారా అంది. వేస్తామన్నాడు.

“అట్లయితే తాళంచెవి ఒకటి నాకియ్యండి. నా చేన్లోకి నేను పోయొస్తా. గడువుదాకా నేనుంటానా ఏమన్నానా?”

బయటివాళ్లకు తాళంచెవి ఇచ్చే పద్ధతి లేదని ఆయన నసిగాడు. అమ్మ కాగితాలు మడిచి ఆయన చేతిలో పెట్టి ఆటో వైపు నడిచింది. దారంతా నేను మూతి ముడుచుకునే కూర్చున్నాను. పదిహేను రోజుల తరువాత ఆయనే తాళంచెవి పట్టుకుని ఇంటికొచ్చాడు. వైర్లు ముట్టకూడదు, కాపలా మనిషికి చెప్పి పోవాలి, అంతే షరతు. అమ్మ అప్పుడు సంతకం పెట్టింది. ఇప్పుడు వారానికోసారి పోయి, పలకల నీడలో మొలిచిన గడ్డిని చూసి వస్తుంది.

పోయినేడు వానలు మెండుగా పడ్డాయి. ఈ ఎండాకాలం డ్యాము నీళ్లు దిగనే లేదు. అయినా అమ్మ పోదామంది. ఒడ్డున నిలబడితే మొండి గోడలు లేవు, బావి గట్టు లేదు. కనుచూపు మేరా నీళ్లే, కునుకు పట్టినట్టు కదలకుండా ఉన్నాయి. అడుగులు ఎక్కడి నుంచి లెక్కపెట్టాలో ఆమెకు తెలియలేదు. కొంగు ముడి విప్పి గేటు తాళంచెవి తీసింది. అరచేతిలో పెట్టుకుని చూసుకుంది.

“మా నాయనకు గూడా ఇట్లాంటిదొకటి ఇచ్చింటే బాగుండు” అంది.