అమ్మ ఒక్కతే వినపడని మిషన్

మరాఠీ ఊళ్లో తెలుగు నేతగాళ్లుండే మా దాజీ పేట్‌లో ఎవరైనా మామూలు గొంతుతో మాట్లాడితే ఒంట్లో బాగాలేదేమో అని అడుగుతారు. పవర్‌లూమ్‌ల మోతలో పుట్టి పెరిగినవాళ్లం, అరవడమే మా మర్యాద. మా నాయన నలభై ఏళ్లు ఆ మోతలో చద్దర్లు నేశాడు. చద్దర్లు ఊళ్లకు పోయాయి, చెవులు కార్ఖానాలోనే ఉండిపోయాయి.

ఆయనకు వినపడాలంటే వాడంతా వినపడేలా అరవాలి. మావి గోడకు గోడ ఆనుకున్న ఇళ్లు. బియ్యం అయిపోయాయన్న సంగతి పొరుగువాళ్లకు తెలియకుండా మొగుడికి చెప్పే ఉపాయం అమ్మ కాపురానికొచ్చిన కొన్నేళ్లకే పట్టేసింది. కార్ఖానాలో నేతగాళ్లు చేసినట్టే, శబ్దం లేకుండా పెదవులు మాత్రం కదిపేది. ఒళ్లో బీడీ ఆకుల చాట ఉంటుంది కనుక సైగలకు చేతులెలాగూ ఖాళీ ఉండవు. నాయన ఆమె మొహం చూసి అన్నీ తెలుసుకునేవాడు.

గొంతును మాత్రం ఆమె ఆయన వీపు కోసం దాచిపెట్టింది. ఆయన అటు తిరగ్గానే మొదలు. "ఉప్పు సాలదంటడు, కారం సాలదంటడు, నా పానం తియ్యనీకె పుట్టిండు ఈ మనిషి!" ఎదురుగా ఉంటే చప్పుడు లేని మంచి మాటలు, వెనక బిగ్గరగా తిట్లు. అన్ని ఇళ్లలోనూ ఇలాగే ఉంటుందని నేను చాలాకాలం అనుకున్నాను.

పోయినేడు అశోక్ చౌక్ దగ్గర వినికిడి మిషన్లు ఉచితంగా ఇచ్చే శిబిరం పెట్టారు. నాయన పొద్దున్నే తల దువ్వుకుని తయారయ్యాడు. "ఇన్నేండ్లు లేంది ఇప్పుడెందుకు?" అని అమ్మ పెదవులు కదిలాయి. ఆమె భయమేమిటో నాకు బాగానే తెలుసు.

దారిలో నాయన ఆగాడు. "నాకు వేరే ఏం వద్దు బిడ్డా. లగ్గమైన కొత్తల మీ అమ్మ గొంతు ఇన్న. అదొక్కటి మల్ల ఇనవడితె సాలు" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఆ గొంతు ఇన్నేళ్లూ ఏ పనిలో ఉందో చెప్పడానికి నోరు రాలేదు.

శిబిరంలో వినపడనివాళ్లందరినీ వరసగా కూర్చోబెట్టి, మిషన్లు ఇవ్వకముందే, పెద్దమనుషులు గంటసేపు ఉపన్యాసాలిచ్చారు. అందరూ బుద్ధిగా చప్పట్లు కొట్టారు. తర్వాత ఒక అమ్మాయి నాయన చెవికి మిషన్ అమర్చి, "ఆజోబా, ఐకూ యేతంయ్ కా?" అని వినపడుతోందేమో మరాఠీలో అడిగింది. నాయన ఉలిక్కిపడి "హో, హో!" అని తలూపాడు. తిరిగి వస్తూ ప్రతి రిక్షా హారన్‌కూ నవ్వాడు.

ఇంట్లో అమ్మ ఎదురొచ్చింది. "బువ్వ తింటవా?" అని పెదవులు కదిలాయి. నాయన మిషన్‌ను వేలితో తట్టాడు. "మల్లొక్కపారి అను" అన్నాడు. మళ్లీ కదిలాయి. ఆయన మొహం వాడిపోయింది.

"కుక్కర్ ఇనవడ్తుంది, పక్కింటి టీవీ ఇనవడ్తుంది. మీ అమ్మొక్కతే ఇనవడ్తలేదు. మిషన్ ఖరాబున్నది" అన్నాడు.

నేనూ అదే ఇంట్లో పెరిగినదాన్ని కదా, నాకూ నిజమే అనిపించింది. మర్నాడు ఇద్దరం మళ్లీ శిబిరానికి పోయి ఫిర్యాదు చేశాం. అంతా వినపడుతోంది గానీ భార్య మాట వినపడడం లేదని చెప్పగానే, వరసలో ఉన్న ఇంకో ముసలాయన "ఆ మిషన్ నాకియ్యుండ్రి" అన్నాడు. అమ్మాయి పరీక్ష చేసి మిషన్‌లో ఏ లోపమూ లేదంది.

లోపమెక్కడుందో ఇంటికొచ్చి అమ్మ పెదవులు చూశాక నా మట్టిబుర్రకు తట్టింది. "అమ్మా, నోరు తెరిచి మాట్లాడు!" అన్నాను.

"ఏమోనే. ఆయన మొకం జూస్తె గొంతు లేస్తలేదు. సిగ్గయితుంది" అంది, నాతో గట్టిగానే.

పైగా ఎక్కడ వినపడుతుందోనని వెనక తిట్లు కూడా మానేసింది. నాలుగు రోజులు మా ఇల్లు మా పేట్‌లోకెల్లా నిశ్శబ్దమైన ఇల్లయింది. నాయన మిషన్ తీసి, డబ్బాలో పెట్టి, దేవుడి పటాల పక్కన ఉంచాడు. "పోనీ తీ" అన్నాడు. నాకు ఇద్దరి మీదా ఒళ్లు మండింది.

అయిదో రోజు మధ్యాహ్నం ఆయన తలకు రుమాలు చుట్టుకుని, గోడ వైపు తిరిగి పల్లీలు ఒలుస్తున్నాడు. అమ్మ పటాల వైపు చూసింది. డబ్బా అక్కడే ఉంది. ఇంకేం, నాలుగు రోజుల బాకీ తీర్చింది. "మిషన్ లేకుంటె మొకం ముడ్సుకుంటడు, ఉంటె ఉలికులికి పడ్తడు, ఏం మనిషి నా పానానికి!"

నాయన భుజాలు కదిలాయి. భయపడి ముందుకెళ్లి చూశాను. రుమాలు కింద చెవికి మిషన్ ఉంది. కళ్లలో నీళ్లు, మొహం నిండా నవ్వు. చెప్పొద్దని నాకు సైగ చేశాడు.

అప్పటినుంచి మా నాయన వీలున్నప్పుడల్లా అమ్మకు వీపు పెట్టి కూర్చుంటాడు. ఆమె తిడుతుంది, ఆయన గోడకేసి నవ్వుకుంటాడు. ఆమెకు తెలియదనే నేనూ అనుకున్నాను.

మొన్న టీ వేళ తిడుతూ తిడుతూ, అదే గొంతుతో అంది. "పొద్దటిసంది చెవుల ఆ మిషన్ కుయ్యి కుయ్యిమంటుంది. బ్యాటరీ మార్సుకుందమన్న తెలివి లేదు."

నాయన తిరగలేదు. చెయ్యి మాత్రం వెనక్కి చాపాడు. అమ్మ కొంగు ముడి విప్పి, కొత్త బ్యాటరీ ఆ చేతిలో పెట్టి, ఆయన దాన్ని వేసుకునేదాకా ఆగి, మళ్లీ తిట్టడం మొదలుపెట్టింది.