సజ్జ రొట్టెల వేలం

రాహేలు టీచరు అబద్ధం ఆడదు. కాకపోతే నిజానికి కాస్త ముస్తాబు చేసి బయటికి పంపుతుంది. నాచారం నుంచి పొద్దున్నే ఎక్కే బస్సులో సీటు దొరక్కపోతే ఆమెకు మోకాలు నొప్పి పుడుతుంది, ఎవరైనా పాపమని లేచి సీటిచ్చిన మరుక్షణం తగ్గిపోతుంది. ఈ సంగతి కండక్టరుకూ తెలుసు. అయినా ఆమె ఎక్కగానే ముందు వరుసలో వాళ్లను జరగమంటాడు.

ఆమె పుట్టింది కీసర అవతల ఒక చిన్న పల్లెలో. పెళ్లయ్యాక భర్త జోసఫ్ కంపెనీ పని కోసం నాచారం మారినా, పల్లెలో అంగన్‌వాడీ ఉద్యోగం మాత్రం వదల్లేదు. ఆ కేంద్రంలో పిల్లలందరూ ఆమెకు ముద్దే గానీ, నాలుగేళ్ల హరిణి అంటే బెంగ. తెల్లగా పాలిపోయిన కనురెప్పలు, మధ్యాహ్నం అయ్యేసరికి చాప మీద ఒరిగిపోవడం. మిగతా పిల్లలు ఒకరి జుట్టు ఒకరు పీక్కుంటుంటే ఈ పిల్ల గోడకు ఆనుకొని చూసేది. పిల్ల అల్లరి చేయకపోతే రాహేలుకు భయం వేస్తుంది. పిల్లల్లో నలత కనిపెట్టడానికి ఆమెకు తెలిసిన గుర్తు అదొక్కటే మరి.

దవాఖానాలో రక్తం తక్కువన్నారు, మందిచ్చారు. దానితోపాటు తిండి కూడా మారాలన్నారు. సరిగ్గా అప్పుడే ఉప్పల్‌లో ఉంటూ పంటల పరిశోధన చేసే ఉమామహేశ్వర్ సార్ ఊరికి వచ్చాడు. మామూలు సజ్జల్లో కన్నా ఇనుము ఎక్కువ ఉండేలా పెంచిన రకమంటూ వండుకోవడానికి కొన్ని సజ్జలు, చేలో వేసుకోవడానికి విత్తనాల సంచులు కేంద్రంలో దింపించాడు. మంచి మనిషి, ఓపికగా బొమ్మలు చూపించి మరీ చెప్పాడు. తల్లులందరూ చక్కగా తల ఊపారు, టీ తాగారు, ఇళ్లకు పోయారు. సంచి మీద ఒక్కరూ చెయ్యి వేయలేదు.

"ఈ యాసంగి పంటకు ఎవరూ వేయకపోతే ఈ విత్తనం వేరే ఊరికి పంపాల్సి వస్తుందమ్మా" అని సార్ దిగులుగా వెళ్లిపోయాడు.

హరిణి తల్లి తారామణి అయితే ముఖం మీదే చెప్పింది. "సజ్జరొట్టె తినీ తినీ మా అమ్మ ముసల్దయింది. గా కష్టం నా బిడ్డకెందుకు టీచరక్కా? తెల్లన్నం దొరుకుతుంది కదా!"

రాహేలు వాదించలేదు. ఆమె వాదించలేదంటే ఏదో పన్నుతోందని అర్థం.

నాచారంలో వాళ్ల చర్చికి కోతల పండుగ వస్తోంది. ఆ రోజు ఎవరికి పండింది వాళ్లు తెచ్చి అర్పిస్తే, ఆరాధన తర్వాత వేలం పాడతారు. కూరగాయల కొట్లో ఎవరూ కన్నెత్తి చూడని సొరకాయ కూడా ఆ వేలంలో పెళ్లికూతురైపోతుంది. చిలకానగర్ నుంచి వచ్చే రైల్వే ఉద్యోగి విజయ్ కుమార్‌కైతే పాటలో ఓడిపోవడం చేతకాదు. పోయిన ఏడు జోసఫ్‌తో పోటీపడి ఒక గుమ్మడికాయ గెలిచి, తినలేక వీధంతా పంచిపెట్టాడు.

"నీ అంత మెత్తగ రొట్టె కొట్టేటోళ్లు మా నాచారంల లేరు" అని రాహేలు తారామణిని బుట్టలో వేసింది. ఈ ఒక్క ముక్క మాత్రం ముస్తాబు లేని నిజం. సార్ ఇచ్చిన సజ్జలతోనే తారామణి రొట్టెలు చేసింది. వేలం చూద్దురు గానీ రమ్మంటే ఊరి ఆడవాళ్లు నలుగురు, హరిణితో సహా తారామణి, తయారై వచ్చారు.

జోసఫ్‌కు ముందే పాఠం చెప్పింది. "విజయ్ కుమారన్న ఎంత పాడితే నువ్వు దాని మీద పాడు. నేను నెత్తి మీద కొంగు కప్పుకున్నప్పుడు ఆపెయ్. అప్పటిదాంక నోరు ముయ్యకు."

పాట మొదలైంది. రొట్టెల పళ్లెం పైకెత్తగానే జోసఫ్ అరిచాడు, విజయ్ కుమార్ అంతకన్నా గట్టిగా అరిచాడు. పట్నం వాళ్లు సజ్జరొట్టె కోసం కొట్టుకుంటున్నారని పల్లె ఆడవాళ్లు నోళ్లు తెరిచారు. తారామణి మెడ కాస్త పొడుగైంది కూడా. అంతా రాహేలు అనుకున్నట్టే నడుస్తోంది.

అంతలో పాస్టరయ్యగారికి మనసు కరిగింది. "దూరం నుంచి వచ్చి ఈ రొట్టెలు చేసిన చేతుల కోసం ఒక్క మాట ప్రార్థన చేద్దాం" అన్నారు. ప్రార్థన అనగానే ఆడవాళ్లందరూ కొంగు కప్పుకున్నారు. ఊహ తెలిసినప్పటి నుంచీ ఉన్న అలవాటు, రాహేలూ కప్పుకుంది. ఒక కన్ను తెరిచి చూస్తున్న జోసఫ్‌కు అదే ఆజ్ఞ.

ఆమెన్ తర్వాత జోసఫ్ పాట ఆపేశాడు. పోటీ లేకపోయేసరికి విజయ్ కుమార్‌కూ ఉత్సాహం చప్పబడింది. రాహేలు కొంగు దించింది, దగ్గింది, ఉరిమి చూసింది. జోసఫ్ బుద్ధిగా ఫ్యాను వంక చూస్తూ కూర్చున్నాడు.

"ఒకటోసారి... రెండోసారి..."

తారామణి ముఖం నల్లబడింది. అది చూసి రాహేలుకు నిజంగా సిగ్గేసింది. పిల్లకు ఒక్క రొట్టె తినిపిద్దామని బయల్దేరి, తల్లిని పదిమందిలో చిన్నబుచ్చింది.

"ఆగుండ్రి!" తారామణి లేచి నిలబడింది. "నా చేతి రొట్టెలకు గంతేనా? నేనే పాడుత!"

విజయ్ కుమార్‌కు ప్రాణం లేచొచ్చింది. ఆయన పాడాడు, ఈమె పాడింది, ఆయన మళ్లీ పాడాడు. చివరికి భార్య చొక్కా పట్టుకొని కూర్చోబెట్టడంతో ఆయన తొలిసారి ఓడిపోయాడు. చప్పట్ల మధ్య తారామణి తన రొట్టెలు తానే గెలుచుకుంది.

తిరుగు బస్సులో హరిణి ఆ మూట వదల్లేదు. "మనం గెల్చినం గదమ్మా" అంటూ ఒక రొట్టె తిన్నది. నాగారం దాటాక ఇంకోటి అడిగింది.

సోమవారం పొద్దున తారామణి కేంద్రానికి వచ్చింది. "టీచరక్కా, గా పాటంతా నువ్వు జేయించిందే గదా?"

రాహేలు ఒక నిజానికి ముస్తాబు మొదలుపెట్టింది గానీ కుదరలేదు. "నీకెట్ల తెలిసింది?"

"మా అన్న అంగట్ల బర్రెల బేరం చేస్తడు. కొననోళ్లను నిలవెట్టి ధర పెంచుడు చిన్నప్పటి సంది సూస్తున్న. జోసఫ్ బావ కండ్లు నీ కొంగు మీదనే ఉన్నయ్."

"మరి తెలిసి ఎందుకు పాడినవ్?"

"నా రొట్టెలను గంత అగ్గువ ధరకు పోనిస్తనా?" అని నవ్వి, తారామణి కూతురి వైపు చూసింది. "దాన్ని తిను తినుమని నేను కొట్టిన, బతిమిలాడిన. నువ్వు దానికోసం దేవుని ముందట్నే దొంగాట ఆడినవ్. నా బిడ్డకోసం గన్ని తిప్పలు ఎవలు పడ్డరక్కా?"

రాహేలుకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

తారామణి విత్తనాల సంచి భుజానికెత్తుకుంది. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

"వచ్చే పండుగకు మాత్రం బావకు ఇంకో సైగ చెప్పు."